గంటలకొద్దీ కూర్చున్నా చదువు బుర్రకెక్కడం లేదు, పుస్తకం తీయాలనే అనిపించడం లేదు. ఏం చేయాలి?

నీకు 16 ఏళ్లనీ, రోజూ నాలుగు గంటలు కూర్చుంటున్నా మార్కులు రావడం లేదనీ, దాంతో చదువు మీదే మనసు విరిగిపోతోందనీ రాశావు. పరీక్షలు ఇంకో నాలుగు వారాల్లో ఉన్నాయన్నావు. నాకంటే చాలా చిన్న కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. మార్కులు రాకపోవడం, మనసు లేకపోవడం రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడుతున్నాయి. ముందు మొదటిది సరిచేసుకో, రెండోది చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. నాకు అలాగే జరిగింది.

నాకు 15 ఏళ్లప్పుడు జీవశాస్త్రంలో కిరణజన్య సంయోగక్రియ పాఠం మూడుసార్లు చదివాను. ముఖ్యమనిపించిన ప్రతి వాక్యం మీదా పసుపు హైలైటర్ గీశాను. మూడోసారి చదువుతుంటే ప్రతి లైనూ తెలిసిందే అనిపించింది, పాఠం వచ్చేసిందని పడుకున్నాను. మర్నాడు పరీక్షలో ప్రశ్న చూడగానే ఆ పేజీ కళ్ల ముందుకొచ్చింది. కుడివైపు పైన ఆకు బొమ్మ, దాని కింద పసుపు గీత. ఆ గీత కింద ఏం రాసి ఉందో మాత్రం ఎంత తలబద్దలు కొట్టుకున్నా రాలేదు. 25కి 9 వచ్చాయి. అంత కష్టపడి 9 వస్తే నాకు చదువు అబ్బదేమో అనిపించి, రెండు వారాలు ఆ పుస్తకం ముట్టలేదు.

మా అక్క అది గమనించి ఒకరోజు నా ముందు తెల్లకాగితం పెట్టింది. పుస్తకం మూసేసి, "గుర్తున్నదంతా రాయి, తప్పయినా ఫర్వాలేదు" అంది. సూర్యకాంతి, పత్రహరితం, నీరు, కార్బన్ డయాక్సైడ్, అంతే, ఆగిపోయాను. "మరి మొక్క వదిలే ఆక్సిజన్ దేని నుంచి వస్తుంది?" అని అడిగింది. కార్బన్ డయాక్సైడ్ నుంచి అన్నాను. పుస్తకం తెరిచి చూస్తే నీటి నుంచి అని ఉంది. ఆ వాక్యం కింద కూడా నా పసుపు గీతే ఉంది! మూడుసార్లు చదివినా ఎక్కనిది, ఒక్కసారి తప్పు చెప్పి దిద్దుకోగానే ఈ రోజుకీ మరచిపోలేదు.

చదివిందే మళ్లీ చదువుతుంటే కళ్లకు అలవాటై, వచ్చేసినట్టే ఉంటుంది. పుస్తకం మూసి బయటికి తీయగలిగితేనే వచ్చినట్టు. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో దీన్ని పరీక్షించారు. అందరూ పాఠం ఒకసారి చదివాక, కొందరు దాన్నే మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే తిరగబడింది: చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, మళ్లీ చదివినవాళ్లకు 42 శాతమే. మన పరీక్షలు అయిదు నిమిషాల తర్వాత ఉండవు కదా.

అలాగే ఒకేరోజు రుబ్బడం కన్నా రోజుల మధ్య విడదీసుకోవడం మేలు. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, అర్థం లేని అక్షరాల వరుసలు బట్టీపట్టి 1885లో ఫలితాలు అచ్చువేశాడు. ఒకేరోజు 68 సార్లు వల్లెవేస్తే వచ్చే ఫలితం, మూడు రోజుల మీద 38 సార్లు వల్లెవేస్తేనే వచ్చిందట. నేను పాఠం విన్న రోజు రాత్రి ఒకసారి, మర్నాడు ఒకసారి, మూడు రోజులకు, వారానికి, ఇలా తెల్లకాగితం తీసేదాన్ని. ప్రతిసారీ పది నిమిషాలు చాలు. రానివి ఎర్ర పెన్నుతో రాసుకుని, తర్వాతిసారి వాటితోనే మొదలుపెట్టేదాన్ని. రెండు వారాల్లో ఎర్ర గీతలు తగ్గడం కంటికి కనిపించింది. నాకు ఉత్సాహం పుట్టింది అక్కడే, ఎవరి మాటలు వినో కాదు.

మొదలుపెట్టడమే కొండలా అనిపిస్తుందని నాకు తెలుసు. "సాయంత్రం లెక్కలు చేస్తాను" అనుకుంటే సాయంత్రం గడిచిపోతుంది. "స్నానం కాగానే కిటికీ పక్క బల్ల దగ్గర నాలుగో అభ్యాసంలో మొదటి లెక్క చేస్తాను" అని ముందే అనుకో. ఆ ఒక్క లెక్క అయ్యాక లేచిపోవచ్చు అని నీకు నువ్వే నిజంగా అనుమతి ఇచ్చుకో. నేను చాలాసార్లు లేవలేదు. ఫోన్ మాత్రం వేరే గదిలో ఉండాలి. బోర్లా పెడితే సరిపోదు, నేను ప్రయత్నించాను, చెయ్యి దానంతటదే వెళ్తుంది. 25 నిమిషాలు చదివి 5 నిమిషాలు విరామం తీసుకునే పొమొడోరో పద్ధతి చాలామంది చెబుతారు. బట్టీ విషయాలకు నాకది బాగానే పనిచేసింది. లెక్కలకు మాత్రం చిక్కుముడి విడబోతున్నప్పుడే గంట మోగేది, అందుకని వాటికి 40 నిమిషాలు పెట్టుకున్నాను.

రాత్రి పొద్దుపోయేదాకా నిద్రపట్టడం లేదు, పొద్దున లేవలేకపోతున్నా, నాకు బద్ధకం ఎక్కువేమో అని కూడా రాశావు. బద్ధకం అనుకోకు. ఈ వయసులో శరీర గడియారమే వెనక్కి జరుగుతుంది, నిద్ర తెప్పించే మెలటోనిన్ ఆలస్యంగా ఊరుతుంది. 13 నుంచి 18 ఏళ్లవాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. నిద్ర మానుకుని చదివిన గంట, మర్నాడు తరగతిలో రెండు గంటలు తినేస్తుంది. అయితే చదువే కాదు, ఇష్టమైనవి కూడా ఏవీ చేయబుద్ధి కాక వారాలు గడుస్తుంటే ఇంట్లో పెద్దవాళ్లకో, నమ్మకమున్న టీచర్‌కో చెప్పు, దాచుకోకు.

ఇక నీ నాలుగు వారాల సంగతి. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి ఎత్తుకోకు. కాస్త వచ్చిన సబ్జెక్టు ఒకటి, అసలు రానిది ఒకటి తీసుకుని, మొదటి వారం రోజుకు ఒక్కో పాఠం చొప్పున తెల్లకాగితం మీద రాయి. మూడో రోజు నుంచి కొత్త పాఠానికి ముందు పాత కాగితంలో ఎర్ర పెన్నుతో రాసుకున్నవి నిన్ను నువ్వే అడుగు. రెండో వారంలో మిగతావి కలుపు. పాత ప్రశ్నపత్రాలు చివరికని దాచకు, మూడో వారంలోనే గడియారం పెట్టుకుని రాసెయ్యి. తప్పులు దిద్దుకోవడానికి ఆఖరి వారం మొత్తం మిగులుతుంది.