రోమ్‌లో సినిమా స్టూడెంట్స్‌ని ఈయూఆర్ ఏరియాకి ఎందుకు తీసుకెళ్తారు?
ఎందుకంటే ఇటలీ నియంత ముస్సోలినీకి సినిమా అయినా బిల్డింగ్ అయినా ప్రచారం కోసమే. చినెచిట్టా స్టూడియోని 1937లో తనే ఓపెన్ చేశాడు, ఈయూఆర్‌ని 1942 వరల్డ్ ఎగ్జిబిషన్ కోసమని మొదలుపెట్టాడు గానీ యుద్ధం వల్ల అది జరగనే లేదు. అక్కడ చదరపు కొలోసియం అనే బిల్డింగ్ తప్పకుండా చూడాలి, ఒక్కో వైపు ఆరు వరసలు, వరసకి తొమ్మిది ఆర్చీలు, పైన ముస్సోలినీ స్పీచ్‌లోని మాటలు ఇప్పటికీ చెక్కి ఉంటాయి, దాని ముందు మనిషి చీమలా కనిపిస్తాడు. యుద్ధం అయ్యాక స్టూడియోలో శరణార్థులు ఉండేవాళ్ళు, అందుకే డైరెక్టర్లు కెమెరాలు పట్టుకుని వీధుల్లోకి వచ్చేశారు, నియోరియలిజం (మామూలు మనుషుల జీవితాన్ని ఉన్నదున్నట్టు చూపించే సినిమా ధోరణి) రావడానికి అదీ ఓ కారణం. 1962లో ఇటలీ డైరెక్టర్ ఆంటోనియోని తన ‘లెక్లిస్సె’ సినిమాలో ఈ ఈయూఆర్ ఖాళీ రోడ్లనే మనుషుల ఒంటరితనం చూపించడానికి వాడాడు, అది చూసి వెళ్తే ఆ వీధులు ఇంకా బాగా అర్థమవుతాయి.