ఆయాసం, అడ్డపొగ, కట్టెల పొయ్యి

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. మా అమ్మకు 58 ఏళ్లు. చాలాకాలం జీడి బట్టీలో పిక్కలు కాల్చే పని చేసింది. ఇంట్లో వంట ఇప్పటికీ కట్టెల పొయ్యి మీదే. అడ్డపొగ (నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం) అలవాటు కూడా ఉంది. రెండేళ్లుగా దగ్గు, తెమడ, ఆయాసం తగ్గడం లేదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున పిల్లికూతలతో లేచి కూర్చుంటోంది. అందరూ ఉబ్బసం అంటున్నారు. డాక్టరు గారు పీల్చే మందు రాశారు గానీ, మొదలుపెడితే జన్మంతా మానలేమని అమ్మ భయపడుతోంది. ఏం చేయాలి?

జవాబు: ఉబ్బసం చాలామందిలో చిన్న వయసులోనే మొదలై, వస్తూ పోతూ ఉంటుంది. ఏళ్ల తరబడి పొగ పీల్చినవారికి నలభై దాటాక మొదలై నెమ్మదిగా పెరుగుతూ పోయే ఆయాసం సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధి కావడానికే అవకాశం ఎక్కువ. అయితే రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా ముందు క్షయ కాదని తేల్చుకోవాలి; తెమడ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. ఆ తర్వాత స్పైరోమెట్రీ చేయించండి. గొట్టంలోకి బలంగా ఊదే ఆ పరీక్షే ఏ వ్యాధో చాలావరకు తేలుస్తుంది. దానికి శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఊపిరితిత్తుల వైద్యులను కలవండి.

ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలు ఇరవైకి పైగా సార్లు చీలి, చివరకు కోట్ల సంఖ్యలో ఉండే గాలి గదుల్లో కలుస్తాయి. పొగ వల్ల సన్నని గొట్టాలు వాచి, గదుల గోడలు సాగే గుణాన్ని పోగొట్టుకుంటే, పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాలేక లోపలే చిక్కుకుపోతుంది. అందుకే ఈ రోగులకు గాలి వదలడమే ఎక్కువ కష్టం. ఆయాసం వచ్చినప్పుడు ముక్కుతో పీల్చి, పెదవులు దగ్గరకు చేర్చి నెమ్మదిగా వదలడం అమ్మగారికి నేర్పండి, ఉపశమనం కలుగుతుంది.

చలికాలం సంగతికి వస్తే, రాత్రి నేల చల్లబడి దానికి ఆనుకున్న గాలి బరువెక్కుతుంది, పైన వెచ్చని గాలి మూతలా నిలుస్తుంది. అందువల్ల పొయ్యిల పొగ, చెత్త మంటల పొగ, భోగి మంటల పొగ పైకి లేవలేక మంచులో కలిసి ఊరి మీదే ఉండిపోతాయి. చల్లగాలి తగిలితే చాలు, ఇలాంటి గొట్టాలు ముడుచుకుంటాయి, పైగా జలుబు వైరస్‌ల కాలం కూడా అదే. ఎండ వచ్చేదాకా ఆమెను బయటికి పంపకండి.

పీల్చే మందు అలవాటుపడే మందు కాదు. గాలి గొట్టాలను వెడల్పు చేసే సాల్బుటమాల్ అనే మందు మాత్ర 4 మిల్లీగ్రాములైతే, ఇన్‌హేలర్ ఒక్క పీల్పు 100 మైక్రోగ్రాములే, అంటే నలభయ్యో వంతు. నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది కాబట్టి అంత కొద్ది మోతాదు చాలుతుంది. వ్యాధి దీర్ఘకాలికం కనుక మందు దీర్ఘకాలం వాడాల్సి వస్తుంది తప్ప, మందు వల్ల వ్యాధి పట్టుకోదు. స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం లాంటి డబ్బాతో) పీల్చమనండి. స్టెరాయిడ్ ఉన్న మందైతే తర్వాత నోరు పుక్కిలించాలి.

మందుల కంటే ముఖ్యమైనది పొగ మానడం. పోయిన శక్తి తిరిగి రాకపోయినా, అడ్డపొగ మానితే తరుగుదల నెమ్మదిస్తుంది. నిప్పున్న కొస నోట్లో ఉంటుంది కాబట్టి అంగిలిని కూడా వైద్యులకు చూపించండి, అక్కడ క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది. వంట గ్యాసుకు మార్చండి. జీడి తొక్కను ఇంటి పొయ్యిలో అసలు మండించకండి. దానిలోని నూనె చర్మాన్నే పొక్కిస్తుంది, దాని పొగ ఊపిరితిత్తులకు మరింత చేటు. మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: టెక్కలి దగ్గర గ్రానైట్ కోసే పని చేస్తాను. ముక్కుకు రుమాలు కట్టుకుంటే చాలా?

జవాబు: చాలదు. ఊపిరితిత్తుల లోపలికి చేరే సిలికా ధూళి కంటికి కనిపించదు, రుమాలులోంచి వెళ్లిపోతుంది. అది తెచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల వ్యాధికి నయం చేసే మందు లేదు, క్షయ ప్రమాదం కూడా పెరుగుతుంది. కోసే చోట నీళ్లు పడుతూ ఉండాలని యజమానిని గట్టిగా అడగండి. ఎన్95 లేదా అంతకంటే మెరుగైన మాస్కు ముఖానికి ఆనేలా పెట్టుకోండి. దగ్గు లేకపోయినా ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని, వైద్యులకు మీ పని ఏమిటో తప్పక చెప్పండి.