రిక్ ఒకాసెక్: తన పాటను మిత్రుడి గొంతుకు ఇచ్చిన మనిషి

"అమెరికా రాక్ బృందం ‘ద కార్స్’ గాయకుడు రిక్ ఒకాసెక్ చనిపోయినప్పుడు అంతమంది సంగీతకారులు ఎందుకంత బాధపడ్డారు? నేనూ విని చూశాను, ఆయన గొంతులో గొప్పదనమేమీ కనిపించలేదు" అని మీరు అడిగారు.

గొంతు విషయంలో మీతో వాదించను. తన గొంతు ఎంతవరకు పలుకుతుందో రిక్‌కు అందరికంటే బాగా తెలుసు. ఆయన మీద నాకు ఇంత గౌరవం కలగడానికి కారణం కూడా అదే. అయితే ఆ సంగతి నాకు తెలియడానికి దాదాపు ఏడాది పట్టింది. అదెలాగో చెబితే మీ ప్రశ్నకు జవాబు అందులోనే వస్తుంది.

2004 చలికాలంలో ఉద్యోగం కోసం మసాచుసెట్స్ వచ్చాను. బోస్టన్‌కు పడమటి వైపున, తెలుగువాళ్లు బాగానే ఉన్న ఫ్రేమింగ్‌హామ్‌లో నలుగురం కలిసి ఒక ఇంట్లో ఉండేవాళ్లం. పాత కారు ఒకటి కొన్నాను. ఎడమవైపు స్పీకరు పలికేది కాదు. సీడీ పెట్టుకునే వీలు లేదు, క్యాసెట్ ప్లేయరు మాత్రం ఉంది. వాడిన సామాన్లు అమ్మే దుకాణంలో క్యాసెట్లు బుట్టలో పోసి ఒక్కొక్కటి డాలరుకు ఇస్తున్నారు. అట్ట మీద ఎర్రటి పెదవులతో, స్టీరింగు పట్టుకుని నవ్వుతున్న అమ్మాయి బొమ్మ చూసి ఒకటి తీసుకున్నాను. అది 1978 జూన్‌లో వచ్చిన ద కార్స్ మొదటి ఆల్బమ్.

అందులో తొమ్మిది పాటలు. మొదటి వైపు ఐదు, రెండో వైపు నాలుగు. రెండో వైపు మొత్తం కలిపి సుమారు పదిహేడు నిమిషాలు. ఇంటి నుంచి ఆఫీసుకు పట్టే సమయమూ దాదాపు అంతే. పొద్దున్నే కారు తీయగానే రెండో వైపు మొదలయ్యేది. పార్కింగులో గడ్డకట్టిన మంచు చక్రాల కింద కరకరమనే వేళకు చివరి పాటలోని శాక్సఫోన్ వినిపించేది. సాయంత్రం టేపు వెనక్కి తిప్పి పెట్టుకుంటే మర్నాటికి సిద్ధం. మొదటి వైపు ఎప్పుడైనా ఆదివారం విన్నానేమో, అంతే.

ఆ నాలుగు పాటల్లో మూడోది ‘మూవింగ్ ఇన్ స్టీరియో’. శబ్దాలు ఒక చెవి నుంచి మరో చెవికి ప్రయాణించేలా మలిచిన పాట అది. ఒకే స్పీకరున్న నా కారులో ఆ శబ్దాలు దగ్గరకు వచ్చి మాయమయ్యేవి, కాసేపటికి మళ్లీ వచ్చేవి. టేపు అరిగిపోయింది కాబోలు అనుకునేవాణ్ణి. అయినా ఆ గొంతు మీద ఇష్టం మాత్రం రోజురోజుకూ పెరిగింది. బృందం గాయకుడు రిక్ ఒకాసెక్ అని ఎక్కడో చదివాను కాబట్టి, ఆ గొంతు ఆయనదే అనుకున్నాను.

ఆఫీసులో నా పక్క బల్ల దగ్గర కూర్చునే పెద్దాయన సోమర్‌విల్‌లో పుట్టి పెరిగారు. కెన్‌మోర్ స్క్వేర్‌లో ‘ద ర్యాట్’ అనే నేలమాళిగ క్లబ్బు ఉండేదని, ఆల్బమ్ ఏదీ రాకముందే ఈ బృందాన్ని అక్కడ చూశానని చెప్పేవారు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర, "రిక్ గొంతు ఎంత హాయిగా ఉంటుందో" అన్నాను. ఆయన చేతిలోని శాండ్‌విచ్ కింద పెట్టి, "రెండో వైపేనా నువ్వు వినేది? అయితే నువ్వు ఇష్టపడుతున్నది బెన్‌ను" అన్నారు. తన హెడ్‌ఫోన్లు తెచ్చి నా చెవులకు పెట్టి, మొదటి వైపు నుంచి రెండో పాట, మూడో పాట ఒకదాని వెంట ఒకటి వినిపించారు.

రెండోది రిక్ పాడిన పాట. మాటను తుంచి తుంచి, నడుమ చిన్న ఎక్కిలి వచ్చినట్టు, మనసులో ఉన్నది ముఖంలో కనబడనివ్వని మనిషి మాట్లాడినట్టు పాడతాడు. మూడోది బేస్ గిటారు వాయించే బెంజమిన్ ఓర్ పాడినది. నిండైన గొంతు. ఎక్కడా బలం పెట్టినట్టు ఉండదు, నీళ్లలో పడవ కదిలినట్టు పోతుంది. ఏడాదిగా నేను అంటిపెట్టుకున్న రెండో వైపులో మొదటి పాట ఒక్కటే రిక్ పాడింది. తర్వాతి మూడూ వరసగా బెన్ పాడినవే. వాటిలో ఒకదాని రచనలో కీబోర్డు వాయించే గ్రెగ్ హాక్స్ చేయి కలిసింది. అది తప్ప ఆల్బమ్‌లో మిగిలినవన్నీ రిక్ ఒక్కడే రాసినవి.

సినిమా పాటలతో పెరిగిన మనకు ఇందులో వింతేమీ కనిపించకపోవచ్చు. రాసేవారు ఒకరు, బాణీ కట్టేవారు ఒకరు, పాడేవారు మరొకరు. స్వయంగా పాడగలిగిన ఇళయరాజా కూడా తన బాణీల్లో ఎన్నింటినో బాలుగారి చేత పాడించారు. రాక్ సంగీతంలో ఆనవాయితీ వేరు. పాట రాసినవాడే మైకు ముందు నిలబడతాడు. గొంతు బాగుండటం, బాగుండకపోవడం తర్వాతి సంగతి. బృందాల్లో తగవులు మొదలయ్యేది కూడా తరచుగా ఆ మైకు దగ్గరే. రిక్ అక్కడ పక్కకు జరిగాడు. బృందాన్ని లోకానికి పరిచయం చేసిన ‘జస్ట్ వాట్ ఐ నీడెడ్’, అమెరికా పాటల పట్టికలో వాళ్లను అన్నిటికంటే పైకి, మూడో స్థానం దాకా తీసుకెళ్లిన ‘డ్రైవ్’, రెండూ ఆయన రాసినవే. రెండింటినీ బెన్ చేత పాడించాడు.

అంత నమ్మకం ఊరికే రాదు. 1960ల నడిమిలో క్లీవ్‌లాండ్‌లో గ్రాస్‌హాపర్స్ అనే కుర్రాళ్ల బృందంతో బెన్ స్థానిక టెలివిజన్‌లో పాడుతుంటే రిక్ చూశాడు. వాళ్ల పరిచయం ఆ రోజుల్లో మొదలైంది. ఇద్దరూ కలిసి 1973లో మిల్క్‌వుడ్ పేరుతో మెత్తని జానపద ధోరణిలో ఒక ఆల్బమ్ చేశారు, ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత బోస్టన్‌లో మరో బృందం కట్టారు, అదీ నిలవలేదు. 1976లో గ్రెగ్ హాక్స్, ఎడమచేతి వాటం గిటారిస్టు ఎలియట్ ఈస్టన్, డ్రమ్స్ వాయించే డేవిడ్ రాబిన్సన్ కలిశాక ద కార్స్ పుట్టింది. పేరు పెట్టింది రాబిన్సన్. మొదటి కచేరీ ఆ ఏడాది డిసెంబరు 31న న్యూ హాంప్‌షైర్‌లోని ఒక వైమానిక స్థావరంలో. బోస్టన్ రేడియోలో మ్యాక్సాన్ సార్టోరీ అనే వ్యాఖ్యాత వాళ్ల నమూనా టేపును పదేపదే వేయడంతో రికార్డు కంపెనీల కళ్లు ఇటు తిరిగాయి. మొదటి ఆల్బమ్ వచ్చేనాటికి రిక్‌కు 34 ఏళ్లు. పాటల వ్యాపారంలో అది చాలామంది తట్టాబుట్టా సర్దుకునే వయసు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ధైర్యంగా ఉంటుంది.

ఆ సంగీతంలో కొత్తదనం ఏమిటని అడిగితే, ఈస్టన్ గిటారులో 1950ల నాటి రాక్ వినిపిస్తుంది, దాని పక్కనే హాక్స్ సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ కీబోర్డు రాబోయే దశాబ్దాన్ని వినిపిస్తుంది. మొరటుగా, వేగంగా, కోపంగా సాగే పంక్ రాక్ బృందాల పొదుపు ఉంది, వాళ్ల కోపం లేదు. క్వీన్ బృందంతో పనిచేసిన రాయ్ థామస్ బేకర్ దీనికి నిర్మాత, అంటే రికార్డింగును మలిచిన మనిషి. ఆయన గొంతుల మీద గొంతులు పేర్చి, పల్లవి దగ్గర ఒక్కసారిగా గోడ లేచి నిలబడినట్టు చేశాడు. ఒక్క స్పీకరు మీద నేను ఇదంతా పోగొట్టుకున్నానని ఆ రోజు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాకే తెలిసింది. పంక్ వెంట వచ్చిన న్యూ వేవ్‌ను కొత్త పోకడల కుర్రకారు సంగీతంగా చూస్తున్న అమెరికాలో, దాన్ని ప్రతి ఊరి రేడియోలోకీ తీసుకెళ్లిన బృందాల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. ఆ మొదటి ఆల్బమ్ 139 వారాలు అమెరికా ఆల్బమ్‌ల పట్టికలో నిలిచింది.

‘డ్రైవ్’ గురించి ఇంకొక్క మాట. 1984 నాటి ఆ పాట, బాగోగులు చూసేవాళ్లు లేని మనిషిని ఉద్దేశించి అడిగే ప్రశ్నల వరస. 1985 జూలై 13న ఇథియోపియా కరువు బాధితుల కోసం జరిగిన లైవ్ ఎయిడ్ కచేరీలో ఆ కరువు దృశ్యాల వెనుక ఆ పాటను వినిపించారు. ఇద్దరు మనుషుల మధ్య జరిగే చిన్న విషయం కోసం రాసిన పాట, ఎముకల గూళ్లలాంటి పిల్లల ముఖాల మీద వినిపిస్తుంటే లోకం కళ్లనీళ్లు పెట్టుకుంది. రిక్ తన గొంతుతో పాడి ఉంటే ఆ ప్రశ్నల్లో వ్యంగ్యం ధ్వనించేదని నా నమ్మకం. బెన్ గొంతులో అవి నిజంగా అడిగినట్టున్నాయి.

సంగీతకారులు అంతగా ఎందుకు బాధపడ్డారన్నదానికి జవాబు ఇక్కడే ఉంది. బెన్ విషయంలో చూపిన గుణాన్నే ఆయన బయటివాళ్ల విషయంలోనూ చూపాడు. 1979లో ‘మిడ్‌నైట్ స్పెషల్’ అనే టీవీ కార్యక్రమం ద కార్స్ చేతికి వస్తే, జనం ఈలలు వేసి వెళ్లగొడుతున్న సూయిసైడ్ అనే ఇద్దరు మనుషుల బృందాన్ని అందులోకి తెచ్చాడు. మరుసటి ఏడు వాళ్ల ఆల్బమ్‌కు నిర్మాతగా ఉన్నాడు. 1983లో హార్డ్‌కోర్ పంక్ వాయించే నల్లజాతి యువకుల బృందం బ్యాడ్ బ్రెయిన్స్‌కు, 1994లో అప్పటికి ఎవరికీ తెలియని రాక్ బృందం వీజర్‌కు నిర్మాత ఆయనే. ఇవన్నీ ఒకదానికొకటి పొంతన లేని సంగీతాలు. వాటిలో ఏదీ ద కార్స్‌లా వినిపించదు. ఎవరి గొంతు వాళ్లకు ఉండనిచ్చాడు. ఇక నిర్వాణ అనే రాక్ బృందం సంగతి: 1994 మార్చి 1న మ్యూనిక్‌లో తమ చివరి కచేరీని వాళ్లు మొదలుపెట్టింది రిక్ రాసిన పాటతోనే.

బృందం 1988లో విడిపోయింది. 2000 అక్టోబరు 3న బెన్ క్లోమ క్యాన్సర్‌తో పోయాడు, 53 ఏళ్లకే. 2011లో మిగిలిన నలుగురూ కలిసి మళ్లీ ఆల్బమ్ చేసినప్పుడు బెన్ స్థానంలో కొత్త సభ్యుణ్ణి తీసుకోలేదు. 2018లో క్లీవ్‌లాండ్‌లో, అంటే బెన్‌ను రిక్ మొదట చూసిన ఊళ్లోనే, రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో వాళ్లను చేర్చుకున్నారు. ఆ రాత్రి బేస్ గిటారు పట్టుకున్నది వీజర్ బృందానికి చెందిన స్కాట్ ష్రైనర్. నేను వీడియోలో చూశాను. పొడుగ్గా, సన్నగా, నల్ల కళ్లద్దాలతో రిక్ నడుమ నిలబడి బెన్ పాటను తానే పాడుతుంటే, ఆ తుంచిన మాటల్లో ఎవరు లేరో స్పష్టంగా వినిపించింది.

2019 సెప్టెంబరు 15, ఆదివారం. న్యూయార్క్‌లోని ఇంట్లో రిక్ చనిపోయాడన్న వార్త సాయంత్రం తెలిసింది. వయసు 75. అప్పటికి పదవీ విరమణ చేసి కేప్ కాడ్‌లో ఉంటున్న మా పెద్దాయనకు ఫోను చేశాను. ఆయనకు ముందే తెలిసింది. "రేడియో పెట్టావా? ఏం వేస్తున్నారు?" అని అడిగారు.

"డ్రైవ్" అన్నాను.

"అది బెన్ పాడింది కదా" అన్నారు. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. అటునుంచి ఆయన కూడా అదే స్టేషన్ పెట్టినట్టున్నారు, పాట ఫోనులో ఒక్క క్షణం ఆలస్యంగా వినిపిస్తోంది. "సరేలే, వేయాల్సింది అదే. రిక్ అయినా అదే వేయమనేవాడు" అన్నారు.

మీరు ఏ పాట విన్నారో రాయలేదు. వీలుంటే మొదటి ఆల్బమ్‌ను ఐదో పాట దాటాక ఆపకుండా చివరిదాకా వినండి. ఏడో పాట నుంచి గొంతు మారుతుంది, చివరి మూడు పాటలూ ఒకదానిలోకి ఒకటి జారుకుంటూ వెళ్తాయి. ఎనిమిదోది మొదలయ్యేలోగా హెడ్‌ఫోన్లు రెండు వైపులా పలుకుతున్నాయో లేదో ఒకసారి చూసుకోండి.