ఖర్చుల పట్టిక ముందు చూసుకో

చి.సౌ. సుజాతకు మామయ్య ఆశీస్సులు.

వాయిదాలకు వెళ్లక నీ అడ్వాన్సు సొమ్ము కేసు పోగొట్టిన పాత ప్లీడరు మీద నష్టపరిహారం దావా వేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నల్లకోటు వాళ్లకి ఎదురుతిరిగిన మనిషి మన ఇంట్లో నువ్వు రెండోదానివి. గర్వంగానే ఉంది, కానీ ఆ మొదటి మనిషి గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

తేలిక సంగతులు ముందు. కన్స్యూమర్ ఫోరం మాట మర్చిపో. లాయర్ల సేవలు ఆ చట్టం కిందికి రావని 2024 మే 14న సుప్రీంకోర్టు తేల్చేసింది. సివిల్ కోర్టుకే వెళ్లాలి. బార్ కౌన్సిల్‌లో ఫిర్యాదు చేస్తే అతని మీద చర్య తీసుకుంటారేమో గానీ నీ నష్టం పూడదు. గడువు మూడేళ్లనుకో. నీ దావా డిఫాల్ట్‌లో, అంటే హాజరు లేక, కొట్టేసిన రోజు నుంచే లెక్కపెట్టు.

ఇక మొదటి మనిషి, మీ పెదనాన్న. ఆయన ప్లీడరు కూడా వాయిదాలకు వెళ్లక కేసు పోగొట్టాడు. తప్పు ప్లీడరుదేనని కోర్టూ ఒప్పుకుంది. కానీ పెదనాన్న కోపంలో ఆరు లక్షలకు వేశాడు. పాత ఫీజులు, మనోవేదన, బస్సు చార్జీలు, కొడుకు పెళ్లి ఆలస్యమైనందుకు కూడా! చివరికి లక్షకు డిక్రీ ఇచ్చి, 'ప్రపోర్షనేట్ కాస్ట్స్' అన్నారు. ఆ మాటకు ఇంట్లో అందరూ సంబరపడ్డారు. గెలిచిన మేరకే ఖర్చులు వస్తాయని దాని అర్థం. డిక్రీ కోర్టు ఆఫీసులో, మా సెక్షన్‌లో నా పక్క టేబుల్ మీదే తయారైంది. అడుగున ఉండే పట్టిక చూశాను. వాది వైపు ప్లెయింటు స్టాంపు, వకాల్తా స్టాంపు, ప్రాసెస్ ఫీజు, అన్నిట్లోనూ ఆరోవంతే. అడ్వకేట్ ఫీజు ఎదురుగా 'ఎఫ్.సి. నాట్ ఫైల్డ్' అని ఉంది. ఫీజు ముట్టినట్టు ఆయన కొత్త ప్లీడరు సర్టిఫికెట్ దాఖలు చెయ్యలేదు, ఆ గడి ఖాళీ. ప్రతివాది వైపు మాత్రం కొట్టేసిన ఐదు లక్షల మీద ఫీజు లెక్కకట్టి ఉంది. అది మీ పెదనాన్నకు రావలసిన దాంట్లోంచి పోయింది. గెలిచి ఇంటికొచ్చాక లెక్క చూసుకుని, అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. నన్ను ఒక్కమాట అడిగి ఉంటే! ఆయనా అడగలేదు, నువ్వూ అడగలేదు. మీ వంశమే అంత.

అందుకే నీ రసీదులన్నీ ఒకే కవర్లో కుక్కి ప్లీడరుకి ఇవ్వకు. మొదటి దావాకి ఇచ్చిన ఫీజు, కేసు సరిగ్గా నడిచినా పెట్టాల్సిందే కదా? పోయిన అడ్వాన్సు సొమ్మూ అడిగి ఆ ఫీజూ అడిగితే ఒక్క నష్టానికి రెండుసార్లు అడిగినట్టు అవుతుంది. అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. కొట్టేసిన కేసు మళ్లీ తెరవమనే రిస్టొరేషన్ పిటిషన్, జాప్యం మాఫీ పిటిషన్, దాని మీద అప్పీలు, సర్టిఫైడ్ కాపీలు, వాటికోసం పెట్టుకున్న రెండో ప్లీడరు ఫీజు మాత్రం అచ్చంగా అతని నిర్వాకం వల్ల వచ్చిన ఖర్చు. పైసాతో సహా అడుగు. ఇప్పుడు వేసే దావా ఖర్చు ఈ రెంటిలోనూ కలపకు. అది నష్టంలో భాగం కాదు, సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్ కింద తీర్పుతో పాటు వచ్చేది. అదీ రూల్స్ ప్రకారం కట్టిన ఫీజే వస్తుంది తప్ప నువ్వు నిజంగా ఇచ్చినంతా రాదు. అవతలివాళ్లు అబద్ధపు వాదన చేశారని 35ఎ కింద అడిగినా మూడు వేలకు మించదు. దాని మీద ఆశ పెట్టుకోకు.

అడ్వాన్సు సొమ్ము అడుగుతున్నావు గనక, పాత కేసు నడిచి ఉంటే గెలిచేదానివని కూడా ఇక్కడే రుజువు చెయ్యాలి. అగ్రిమెంటు, సాక్షులు నీ దగ్గరుంటేనే ఆ సొమ్ముకు దావా వెయ్యి. లేకపోతే ఖర్చుల వరకే దావా వెయ్యి. తక్కువైనా పూర్తిగా వస్తుంది, కోర్టు ఫీజూ తగ్గుతుంది.

పాత ప్లీడరు దగ్గరి జూనియర్ కుర్రాణ్ణి కూడా ప్రతివాదిగా చేర్చమంటున్నారట. వకాల్తాలో అతని సంతకం ఉందా? లేకపోతే వద్దు. అతని మీద కొట్టేస్తే అతని ఖర్చులు నీ నెత్తిన పడతాయి. పైగా ఆ పిల్లాడికి నీ వయసే.

ఇన్ని చెప్తున్నానని వెయ్యొద్దంటున్నాననుకోకు. వెయ్యి. వేళకి తిను, వాయిదాలని చెప్పి ఉద్యోగం పాడుచేసుకోకు. స్టాంపు కొనేముందు ముసాయిదా ఒక్కసారి నాకు చూపించు. వాట్సాప్‌లో పంపకు, ఆ అక్షరాలు నాకు ఆనవు. ప్రింటు తీసి, రసీదులు కూడా పట్టుకుని ఆదివారం రా.

మీ మామయ్య