నాటికకు ఎలీషా, విధవరాలి నూనె కథ: పిండి ఎక్కడ పోయింది?

పిల్లల నాటిక కోసం ప్రవక్త ఎలీషా, విధవరాలి నూనె కథ వెతుకుతుంటే, మీకు గుర్తున్న పిండి బైబిల్లోని రెండవ రాజులు 4లో దొరకడం లేదా? రెండు కథలు కలిసిపోయాయి, అందుకే. తొట్టిలో పిండి, బుడ్డిలో నూనె తరగకపోవడం ఎలీషాకు ముందటి ప్రవక్త ఏలీయా కాలంలో, సీదోను ప్రాంతపు సారెపతులో జరిగింది. అది మొదటి రాజులు 17. అక్కడి విధవరాలికి కరువు, ఒక్క కొడుకు. ఎలీషా దగ్గరికి వచ్చినావిడకు అప్పు, ఇద్దరు కొడుకులు. పిల్లల నాటికకు ఈ ఎలీషా కథే తీసుకోండి.

సన్నివేశాలు ఇలా పెట్టుకోవచ్చు:

1. ప్రవక్తల శిష్యుల్లో ఒకరి భార్య మొర. భర్త చనిపోయాడు, అప్పులవాడు పిల్లల్ని దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు.
2. "ఇంట్లో ఏముంది?" అని ఎలీషా అడుగుతాడు. కాస్త నూనె తప్ప ఏమీ లేదు.
3. ఇరుగుపొరుగు ఇళ్లలో ఖాళీ పాత్రలు అడిగి తేవడం. కొన్ని తెచ్చి ఊరుకోవద్దన్నాడు, కాబట్టి వేదిక నిండా గిన్నెలు ఉండాలి.
4. తలుపు మూసుకుని పోయడం. పిల్లలు అందిస్తుంటే తల్లి పోస్తుంది. ఎలీషా ఆ గదిలో లేడు! ఆయన్ని పక్కనే చేతులు చాపి నిలబెట్టొద్దు.
5. "ఇంకా పాత్రలు లేవు" అని కొడుకు అనగానే నూనె ఆగుతుంది.

ఇక్కడే తెర దించేయాలనిపిస్తుంది. కానీ అప్పు ఇంకా అలాగే ఉంది కదా! 7వ వచనం వదలకండి: ఆవిడ తిరిగి వెళ్లి సంగతి చెబుతుంది. నూనె అమ్మి అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి అంటాడు ఎలీషా. పిల్లలకు దాసత్వం తప్పేది ఈ మాటతోనే. దీనికి రెండు నిమిషాలైనా కేటాయించండి.