సర్వీసు బాగా లేనప్పుడు హోటల్లో టిప్పు ఎంత ఇవ్వాలి?

ఏమీ ఇవ్వనక్కరలేదు, టిప్పు పూర్తిగా తినేవారి ఇష్టం. బిల్లులోనే సర్వీస్ ఛార్జి కలిపి వసూలు చేయరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు జారీ చేయగా, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. ఉదాహరణకు, విజయనగరంలోని ఒక రెస్టారెంటులో 800 రూపాయల భోజనానికి 10 శాతం సర్వీస్ ఛార్జి, ఆ మొత్తంపై 5 శాతం జీఎస్టీ వేసి, సోంపు గిన్నెతో పాటు 924 రూపాయల బిల్లు తెచ్చి పెడితే, ఆ ఛార్జి తీయించి 840 చెల్లిస్తే సరిపోతుంది.

సర్వీస్ ఛార్జి కూడా ప్రభుత్వ పన్నేనని చాలామంది అనుకుంటారు, కానీ అది హోటలు వేసుకున్నది. సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ అని రెండు సగాలుగా కనిపించేదే పన్ను. వడ్డన ఎంత అధ్వానంగా ఉన్నా అది కట్టవలసిందే. అయితే ఆలస్యం వంటగదిదైతే, మర్యాదగా వడ్డించిన సర్వరుకు పదో ఇరవయ్యో ఇవ్వడమే న్యాయం.