ఆత్మలు బల్ల తట్టిన కాలం

ప్రశ్న: పాతకాలపు అమెరికాలో జరిగే మిస్టరీ నవలల్లో చీకట్లో బల్ల చుట్టూ కూర్చుని ఆత్మలను పిలుస్తుంటారు. నిజంగా అలా చేసేవాళ్లా? – ఒక పాఠకురాలు, కావలి

జవాబు: చేసేవాళ్లమ్మా. 1848లో న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్స్‌విల్‌లో ఫాక్స్ అక్కచెల్లెళ్లు, తమ ఇంట్లో వినిపించే టకటక శబ్దాలు ఒక ఆత్మ ఇచ్చే జవాబులని చెప్పడంతో మొదలైన ఈ పిచ్చి, 1861-65 అంతర్యుద్ధంలో లక్షల మంది చనిపోయాక ఇంకా పాకింది. కొడుకు శవం కూడా ఇంటికి రాని తల్లి ఒక్క మాట కోసం వెళ్లేది, ఆమెను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. మన వైపు పోయినవాళ్లు పలుకుతారని సోదె అడగడానికి వెళ్లే పెద్దవాళ్లు లేరా! 1888లో మార్గరెట్ ఫాక్స్, అవి కాలివేళ్లతో చేసిన శబ్దాలేనని అందరి ముందు ఒప్పుకుంది. మరుసటి ఏడాది కాదంది. నమ్మినవాళ్లు మాత్రం నమ్ముతూనే ఉన్నారు.